ఎడమ సీటు కింద కార్పెట్ తడి, అద్దం మీద జిడ్డు పొర: ఏసీ నీళ్లా, హీటర్ కోరా?

మూసీ_ఒడ్డు (హైదరాబాద్) | జులై 11, రాత్రి 10:40

అందరికీ నమస్తే. నాది 2012 మోడల్ చిన్న పెట్రోల్ కారు, సెకండ్ హ్యాండ్‌లో కొని నాలుగేళ్లయింది, 94 వేల కిలోమీటర్లు తిరిగింది. నెల కింద ఎడమ సీటు ముందు కార్పెట్ తడిగా తగిలింది. వానలు కదా, చెప్పుల తడి అనుకున్నాను. మర్నాడూ అంతే. ఇంటి దగ్గర షెడ్డులో చూపిస్తే ఏసీ డ్రెయిన్ పైపు పూడుకుపోయిందని గాలి కొట్టి 400 తీసుకున్నారు. వారం రోజులు బాగానే ఉంది, తర్వాత మళ్లీ తడి.

ఇప్పుడు కొత్తగా ఇంకో రెండు మొదలయ్యాయి. బ్లోయర్ వేస్తే తియ్యటి వాసన, బెల్లం పాకం పొయ్యి మీదున్నప్పుడు వచ్చేలాంటిది. రాత్రి పూట ముందు అద్దానికి లోపలివైపు పొర కడుతోంది, గుడ్డ పెట్టి తుడిస్తే పోవడం లేదు సరికదా నూనె చేత్తో రాసినట్టు ఇంకా అలుక్కుపోతోంది, ఎదురు బండి లైటు పడితే దారే కనపడదు. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ డబ్బాలో మట్టం మూడు వారాల్లో పై గీత నుంచి కింది గీతకు దిగింది. బండి కింద నేల మీద మాత్రం ఒక్క చుక్క లేదు.

ఇంకో పెద్ద షెడ్డుకు వెళ్తే హీటర్ కోర్ (వేడి కూలెంట్‌తో లోపలి గాలిని వెచ్చబెట్టే భాగం) పోయింది, డ్యాష్‌బోర్డ్ మొత్తం దించాలి, 14 వేలు అన్నారు. అక్కడే ఉన్న ఇంకో మెకానిక్ బయటికొచ్చి "హైదరాబాద్‌లో హీటర్ ఎవరు వాడతారు సార్, రెండు పైపులు కలిపేస్తే 300లో అయిపోద్ది" అన్నాడు. ఎవరి మాట పట్టుకోవాలో తెలీక టెన్షన్‌గా ఉంది. నాలుగేళ్లలో నేను హీటర్ నాలుగుసార్లు కూడా వేసి ఉండను. వాడని వస్తువు ఎలా పాడైంది?

షెడ్డు_రాజన్న (వరంగల్) | జులై 11, రాత్రి 11:15

తమ్ముడూ, ముందు ఏదీ విప్పించకు. తెల్ల టిష్యూ పేపర్ నాలుగు మడతలు పెట్టి ఆ తడి మీద గట్టిగా అదిమి తీయి. ఏసీ నీళ్లైతే రంగుండదు, వాసనుండదు, ఆరాక మరక మిగలదు. కూలెంటైతే పచ్చగానో గులాబీగానో రంగు అంటుకుంటది, రెండు వేళ్ల మధ్య రాస్తే సబ్బు నీళ్లలా జారుతది. వాసన చూడు చాలు, నాలుక మీద మాత్రం పెట్టకు, అది విషం. నా దగ్గరికి "కోర్ పోయింది" అని వచ్చే బండ్లలో ఎండాకాలం, వానాకాలం సగానికి సగం డ్రెయిన్ పైపు కేసులే, అందుకే అడుగుతున్నా. నువ్వు చెప్పిన జిడ్డు పొర మాత్రం ఏసీ నీళ్లతో రాదు.

ఇంకోటి, కూలెంట్ ఆఖరిసారి ఎప్పుడు మార్చావు? మధ్యలో ఏం పోశావు? నిజం చెప్పు.

మూసీ_ఒడ్డు (హైదరాబాద్) | జులై 12, ఉదయం 7:20

రాజన్నా, ఇప్పుడే చూశాను. టిష్యూ మీద లేత పచ్చ, వేళ్లకు జారుడు, వాసన కూడా అదే.

కూలెంట్ సంగతి, నేను కొన్నాక ఒక్కసారీ మార్చలేదు, అంతకు ముందు యజమాని మార్చాడో లేదో తెలీదు. రెండేళ్ల కింద శ్రీశైలం నుంచి వస్తుంటే డబ్బాలో తగ్గిందని దారిలో హోటల్ బోరు నీళ్లు లీటరు దాకా పోశాను. ఆ తర్వాత ఇంటి దగ్గర కూడా రెండు మూడుసార్లు కుళాయి నీళ్లే పోశాను.

చలిదేశం (మిన్నియాపోలిస్) | జులై 12, ఉదయం 9:05

"వాడని వస్తువు ఎలా పాడైంది" అన్నారు కదా, దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

హీటర్ కోర్ అంటే చిన్న రేడియేటరే. డ్యాష్‌బోర్డ్ వెనక ఏసీ పెట్టెలోనే ఉంటుంది, మన రైలు ప్రయాణం టిఫిన్ డబ్బా అంత సైజు. సన్నని గొట్టాలు, వాటి మధ్య అల్యూమినియం రేకులు. పాత కార్లలో రాగి, ఇత్తడితో చేసేవారు, ఇప్పుడన్నీ దాదాపు అల్యూమినియమే. ఇంజిన్‌లో వేడెక్కిన కూలెంట్ ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకు గోడ) గుండా ఒక పైపులో లోపలికి వచ్చి, కోర్‌లో తిరిగి, రెండో పైపులో వెనక్కి పోతుంది. బ్లోయర్ గాలి ఆ రేకుల మధ్య నుంచి దూరి వెచ్చబడి మన మీదికి వస్తుంది. హీటర్ కోసం విడిగా పెట్రోల్ ఖర్చు కాదు, ఎలాగూ రేడియేటర్ ద్వారా బయటికి పోవాల్సిన వేడే ఇది.

అసలు విషయం ఇక్కడుంది. చాలా కార్లలో మీరు నాబ్ చల్లటి వైపు తిప్పినా కోర్‌లోకి వేడి నీళ్లు ఆగవు. నాబ్ తిప్పితే కదిలేది లోపలున్న ప్లాస్టిక్ తలుపు, గాలిని కోర్ మీదుగా పంపాలా పక్క నుంచి పంపాలా అని అది నిర్ణయిస్తుంది, అంతే. అంటే మీరు మే నెల ఎండలో ఏసీ వేసుకుని వెళ్తున్నప్పుడు కూడా ఆ కోర్ నిండా 80, 90 డిగ్రీల నీళ్లు ఒత్తిడితో తిరుగుతూనే ఉన్నాయి. హీటర్‌ను మీరు నాలుగుసార్లే వాడారేమో కానీ ఆ కోర్ 94 వేల కిలోమీటర్లూ పని చేసింది. కొన్ని కార్లలో నీళ్లను ఆపే వాల్వు ఉంటుంది, వాటిల్లో ఇంకో బాధ, ఏళ్ల తరబడి కదపకపోతే వాల్వు బిగుసుకుపోతుంది, లోపల నిలవున్న కూలెంట్ బురద కడుతుంది.

మా ఊళ్లో దీని విలువ బాగా తెలుస్తుంది. 2019 జనవరి చివర్లో ఇక్కడ మైనస్ 33 డిగ్రీలు పడింది. ఆ చలిలో దారి మధ్యలో హీటర్ ఆగిపోతే ప్రాణాల మీదికొస్తుంది, అందుకే ప్రతి అక్టోబర్‌లో ఇంకేం చూసుకోకపోయినా కూలెంట్, హీటర్ చూసుకుంటాం.

గాజువాక_గేర్ (విశాఖ) | జులై 12, మధ్యాహ్నం 1:30

బ్రో, నేను మూడేళ్ల కింద పైపులు కలిపేశా. ఇన్‌లెట్, అవుట్‌లెట్ మధ్యన చిన్న ఇత్తడి జాయింటు, రెండు క్లిప్పులు. ఒక్క సమస్య లేదు. విశాఖలో హీటరెందుకు? 14 వేలు దండగ. బండి విలువే లక్షన్నర ఉంటుంది.

పాడేరు_ఘాట్ (అల్లూరి జిల్లా) | జులై 12, రాత్రి 9:50

గాజువాక అన్నా, మీరు ఊరు దాటకపోతే సరే. నేను టాక్సీ నడుపుతాను, డిసెంబర్, జనవరిలో లంబసింగి, వంజంగి ట్రిప్పులే మా తిండి. పొద్దున నాలుగింటికి బయల్దేరి ఘాట్ ఎక్కాలి, బయట పొగమంచు, లోపల ఏడుగురు మనుషుల ఊపిరి. అద్దం మూసుకుపోవడానికి రెండు నిమిషాలు చాలు.

ఒకసారి మా ఓనరు ఇలాగే పైపులు కలిపించిన బండి ఇచ్చాడు, నాకు చెప్పలేదు. మూడో మలుపు దగ్గర అద్దం తెల్లగా అయిపోయింది. నాబ్ ఎర్ర వైపు ఆఖరిదాకా తిప్పాను, వచ్చేది ఐసు గాలి. చేత్తో తుడుస్తూ, కిటికీలోంచి తల బయట పెట్టి చూస్తూ, ఎడమ పక్క లోయ. పక్కన పిల్లలున్నారు. ఆ రోజు ఎలా ఎక్కానో నాకే తెలుసు. తర్వాత ఆ బండి ముట్టుకోలేదు.

ఏసీ, హీటర్ రెండూ కలిపి వేస్తేనే లోపలి మంచు త్వరగా పోతుంది. ఏసీ గాలిలో చెమ్మ లాగేస్తుంది, ఆ పొడి గాలిని కోర్ వెచ్చబెడుతుంది, అద్దం అర నిమిషంలో తేటపడుతుంది. కోర్ లేకపోతే చల్లటి పొడి గాలే, పని సగమే అవుతుంది. వానాకాలంలో అద్దం బయటివైపు మంచు పడితే అది వేరే సంగతి, లోపల ఏసీ మరీ చల్లగా పెట్టడం వల్ల వస్తుంది, వైపర్ వేసి చల్లదనం తగ్గిస్తే చాలు.

ఇంకో మేలు కూడా ఉంది. ఎండాకాలం నిండా లోడుతో ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ వేడి చూపించే సూది ఎరుపు వైపు పోతుందనుకో, ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ ఫుల్లు పెట్టి, బ్లోయర్ నాలుగులో వేయాలి. లోపల కొలిమిలా ఉంటుంది కానీ ఆ కోర్ రెండో రేడియేటర్‌లా ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. ఆపుకునే చోటు దొరికేదాకా బండి బతుకుతుంది. రెండుసార్లు నన్ను అదే కాపాడింది. పైపులు కలిపేస్తే ఆ దారి కూడా పోయినట్టే.

షెడ్డు_రాజన్న (వరంగల్) | జులై 12, రాత్రి 10:30

పాడేరు తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. పైపులు కలపడం తప్పని నేననను, కార్పెట్‌లోకి కూలెంట్ కారుతుంటే ఇవాళ్టికి ఇవాళ ఆపడానికి అదే దారి. మూసీ తమ్ముడు కూడా రేపు అదే చేయించుకో, కోర్ వచ్చేదాకా పది రోజులు నడుస్తది. కానీ రెండు పైపులనూ ఒకదానికొకటి కలపాలి, బోల్టు కొట్టి మూసేయొద్దు. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే రేడియేటర్ వైపు కూలెంట్ వదిలే వాల్వు) తెరుచుకోకముందు నీళ్లు తిరిగే దారి హీటర్ లైనే, అది మూసేస్తే థర్మోస్టాట్ దగ్గరికి వేడి సరిగా చేరదు.

పైపు పీకేటప్పుడు జాగ్రత్త. పదేళ్ల రబ్బరు పైపు కోర్ ముక్కుకు అతుక్కుపోయి ఉంటది. పట్టుకుని మెలితిప్పి లాగితే పైపు రాదు, కోర్ ముక్కే ఊడి చేతికొస్తది. బ్లేడుతో పైపును నిలువుగా చీరి తీయాలి, పైపు కొత్తది 200 రూపాయలు, కోర్ కొత్తది వేలు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత ముట్టాలి, వేడి మీద తీస్తే ముఖం మీద చిమ్ముతది. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడికి మెడ మీద ఇప్పటికీ మచ్చ ఉంది.

అమ్ములు_అమ్మ (హైదరాబాద్) | జులై 13, ఉదయం 6:45

అందరూ బండి గురించే చెప్తున్నారు, లోపల కూర్చునేవాళ్ల గురించి నేను చెప్తాను. కూలెంట్‌లో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, తియ్యగా ఉంటుంది, అదే ప్రమాదం. కుక్కలు నాకుతాయి, పిల్లలు చేయి పెట్టి నోట్లో పెట్టుకుంటారు, కొంచెం లోపలికి పోయినా కిడ్నీలు దెబ్బతింటాయి. మా కారుకి ఇదే వచ్చినప్పుడు పాప ఏడాదిది, కిందపడ్డ బిస్కెట్ ఆ కార్పెట్ మీద నుంచి తీసుకోబోతుంటే చూశాను, గుండె ఆగినంత పనైంది. అద్దం మీద పొర కడుతోందంటే ఆ ఆవిరి మీరు పీలుస్తున్నట్టే, కిటికీలు దించి నడపండి, బ్లోయర్ వీలైనంత తక్కువ వాడండి.

కార్పెట్ పైపైన ఆరబెడితే సరిపోదు. కింద మందపాటి స్పాంజి ఉంటుంది, గ్లైకాల్ త్వరగా ఆరదు, నెలల తరబడి అందులోనే ఉంటుంది. మేం సీటు విప్పించి, కార్పెట్ ఎత్తి, స్పాంజి పిండితే పావు బకెట్ వచ్చింది. రెండుసార్లు సబ్బు నీళ్లతో కడిగి మేడ మీద మూడు రోజులు ఎండబెట్టాం. కింద రేకు మీద అప్పటికే తుప్పు మొదలైంది. చాలా కార్లకు ఆ పక్కనే వైర్ల జాయింట్లు కూడా ఉంటాయి, తడి తగిలితే అది ఇంకో ఖర్చు.

కొత్త_స్టీరింగ్ (కర్నూలు) | జులై 13, మధ్యాహ్నం 12:10

డబ్బాలో పోసే లీక్ స్టాప్ మందు దొరుకుతుంది కదా, అది వాడొచ్చా? మా మామయ్య లారీ రేడియేటర్‌లో పసుపు పోసేవాడు, లీకు ఆగిపోయేది.

షెడ్డు_రాజన్న (వరంగల్) | జులై 13, మధ్యాహ్నం 2:00

మీ మామయ్య నడిపిన కాలం లారీ రేడియేటర్ గొట్టాలు లావు, ఊరు చేరేదాకా పసుపు ఆగింది, నేనూ పోశాను, కాదనను. ఈ కోర్ గొట్టాల్లో దారి చాలా సన్నం. లీక్ స్టాప్ అయినా పసుపు అయినా చిల్లు ఏదో, దారి ఏదో దానికి తెల్వదు, ఎక్కడ సన్నగా ఉంటే అక్కడ గడ్డ కడతది. ముందు మూసుకుపోయేది హీటర్ కోరే. లీక్ స్టాప్ పోసిన బండి నా షెడ్డుకు వస్తే కోర్‌తోపాటు మిగతా అంతా కడగాల్సి వస్తది, పని రెట్టింపు. అడవిలో ఇరుక్కుంటే వాడు, ఇంటి దగ్గర వద్దు.

నకిరేకల్_బండి | జులై 13, సాయంత్రం 5:25

బోరు నీళ్ల మాట ఎవరూ ఎత్తలేదు, అసలు దోషం అక్కడే. మా నల్గొండ జిల్లాలో ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగు చూడండి, ఆరు నెలల్లో తెల్లగా గార కడుతుంది. అదే నీళ్లు ఇంజిన్‌లో పోస్తే అదే గార కోర్ గొట్టాల్లో కడుతుంది. పైగా ఒక్కసారి నీళ్లు కలిపితే కూలెంట్‌లో తుప్పు పట్టకుండా ఆపే మందు పలచబడుతుంది. అల్యూమినియం గోడ లోపల్నుంచి సూది మొనంత గుంటలు పడుతూ పోయి ఒక రోజు చిల్లు పడుతుంది.

మనవాళ్లు కూలెంట్ అంటే చలి దేశాల మందు అనుకుంటారు. సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే గడ్డకట్టేది మైనస్ 37 దగ్గర, నిజమే, అది మనకు అక్కర్లేదు. కానీ అదే మిశ్రమం మామూలు గాలి ఒత్తిడిలో 107 డిగ్రీల దాకా మరగదు, మూత బాగుండి ఒత్తిడి పట్టి ఉంచితే 125 దాటినా మరగదు. మే నెలలో సూర్యాపేట హైవే మీద మనకు కావాల్సింది అది, తుప్పు మందూ. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీలో పోసేదే, ఏ షాపులోనైనా దొరుకుతుంది, డిక్కీలో ఒక సీసా పడేసుకుంటే దారిలో హోటల్ బోరు అవసరం రాదు.

చలిదేశం (మిన్నియాపోలిస్) | జులై 13, రాత్రి 8:40

నకిరేకల్ గారూ, బాగా చెప్పారు. ఒకటి కలుపుతాను, నీళ్లు కలపకుండా చిక్కటి కూలెంట్ పోస్తే ఇంకా మంచిదని ఇక్కడికి కొత్తగా వచ్చిన మన కుర్రాళ్లు చాలామంది అనుకుంటారు. అది తప్పు, ఉత్త గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, వేడిని కూడా నీళ్లంత బాగా మోయలేదు. రంగును బట్టి కూడా కొనొద్దు, పచ్చ, ఎరుపు, నీలం అనేది ఒక్కో కంపెనీ ఒక్కోలా వేస్తుంది, మాన్యువల్‌లో రాసిన రకం చూసి కొనాలి. రకాలు కలిపితే కొన్నిసార్లు లోపల జావలా అవుతుంది.

ఇక మూసుకుపోయిన కోర్ సంగతి. మూడేళ్ల కింద నా కారులో లీకు లేదు, మట్టం తగ్గదు, కానీ హీటర్ గోరువెచ్చగానే వస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఫైర్‌వాల్ దగ్గర రెండు పైపులూ థర్మామీటర్ గన్‌తో చూశాను. లోపలికి వెళ్లేది 84, బయటికి వచ్చేది 43. అంటే నీళ్లు వెళ్తున్నాయి కానీ చుక్కచుక్కగా వెళ్తున్నాయి. రెండూ వేడిగా ఉండి గాలి చల్లగా వస్తే తప్పు కోర్‌ది కాదు, లోపలి తలుపుది. రెండూ చల్లగా ఉంటే నీళ్లు అక్కడిదాకా రావడం లేదు, మట్టం తక్కువో, గాలి ఇరుక్కుందో, వాల్వు బిగుసుకుందో.

చల్లారాక రెండు పైపులూ తీసి, తోట పైపు తెచ్చి బయటికి వచ్చే వైపు నుంచి నీళ్లు వదిలాను, అంటే ఉల్టా. కుళాయి సగమే తిప్పాను, ప్రెషర్ వాషర్ పెడితే కోర్ పగులుతుంది. మొదట ఏమీ రాలేదు. నిమిషం తర్వాత ఒక్కసారి దగ్గినట్టు ముదురు గోధుమ రంగు నీళ్లు, దాంట్లో తుప్పు పొలుసులు, టీ పొడిలాంటి మడ్డి. ఇరవై నిమిషాలు అటూ ఇటూ మార్చి కడిగితే తేటపడింది. ఆఖర్న లోపల మిగిలిన కుళాయి నీళ్లు ఊదేసి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి కూలెంట్ నింపాను. తర్వాత చూస్తే 85, 73. అంత తేడా.

గాజువాక_గేర్ (విశాఖ) | జులై 13, రాత్రి 9:15

నిమ్మ ఉప్పు కలిపి కడిగితే గార త్వరగా పోతుందని విన్నా, నిజమేనా? అలాగే పాడేరు అన్నా, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించా. డిసెంబర్‌లో అరకు ప్లాన్ ఉంది, ఈలోపు నా బండికి కూడా కోర్ పెట్టిస్తా.

షెడ్డు_రాజన్న (వరంగల్) | జులై 13, రాత్రి 10:05

మంచి పని గాజువాక తమ్ముడూ.

నిమ్మ ఉప్పు గారను కరిగిస్తది, నిజమే. కానీ పులుపు అల్యూమినియాన్ని కూడా తింటది. పలచగా కలిపి, అరగంటకు మించి ఉంచకుండా, తర్వాత మంచి నీళ్లతో బాగా కడగాలి. రాత్రంతా నానబెడతా అంటే నేనొప్పుకోను. ఇంకో సంగతి ముందే చెప్పి పని మొదలుపెడతా, పదేళ్ల కోర్‌లో కొన్ని చిల్లులను ఆ గారే మూసి ఉంచుతది, గార పోతే కారడం మొదలైతది.

హీటర్ వేడి రాకపోతే అందరూ కోర్ మీదే పడతారు. హైవేలో సూది కిందికి దిగి, ట్రాఫిక్‌లో మళ్లీ లేస్తే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయినట్టు. డ్యాష్ వెనక టకటకమని చప్పుడొస్తే తలుపు తిప్పే చిన్న మోటారు పళ్లు అరిగినట్టు. గాలే తక్కువైతే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి, ఎలుక గూడు కూడా దొరికింది నాకు. స్టార్ట్ చేయగానే డ్యాష్ వెనక కుండలో నీళ్లు పోసినట్టు గుడగుడ అంటే కోర్‌లో గాలి చేరింది, కూలెంట్ ఎక్కడో తగ్గుతున్నట్టు. గాలి తీసిన వారానికే మళ్లీ గుడగుడ వస్తే, డబ్బాలో బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) అనుమానించాలి, అప్పుడు కోర్ మార్చి లాభం లేదు.

మూసీ_ఒడ్డు (హైదరాబాద్) | జులై 21, రాత్రి 11:30

అందరికీ పెద్ద థాంక్స్. పని అయిపోయింది, జరిగింది జరిగినట్టు రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

మొదట రాజన్న చెప్పినట్టు పైపులు కలిపించాను. మర్నాటి నుంచి కొత్త తడి లేదు, మట్టం దిగలేదు, అంటే కారేది హీటర్ లైన్లోనే అని తేలిపోయింది. తర్వాత మా ఆఫీసు డ్రైవర్ తెలిసిన ఒక పెద్దాయన షెడ్డుకు తీసుకెళ్లాడు. ఆయన వచ్చీ రాగానే డ్యాష్ దించాలి అనలేదు. టార్చి తీసుకుని ఎడమ సీటు ముందు వెల్లకిలా పడుకుని, పక్క ప్లాస్టిక్ మూత రెండు స్క్రూలు తీసి, నన్ను కూడా తల పెట్టి చూడమన్నాడు. ఏసీ పెట్టె పక్కన రెండు సన్న పైపులు కోర్‌లోకి దూరే చోట ఉప్పు పేరుకున్నట్టు పచ్చగా తెల్లగా గట్టిగా ఏదో ఉంది, దాని అంచున ఒక్క చుక్క వేలాడుతూ, పడదు, అలాగే ఉంది. నెల రోజుల టెన్షన్ ఆ చుక్క.

ఈ మోడల్‌కి పైపుల క్లాంపులు విప్పితే కోర్ పక్కకు సొరుగులా జారి వస్తుందట, డ్యాష్ ముట్టక్కర్లేదు, ఏసీ గ్యాస్ కూడా తీయక్కర్లేదు. అన్ని కార్లకూ ఇలా కాదు, చాలావాటికి డ్యాష్ దించాల్సిందే అని ఆయనే చెప్పాడు, అలాంటప్పుడు ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి బ్యాటరీ వైరు తీసి మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే చేయి పెట్టాలట. కింద పాత గుడ్డలు పరిచి బయటికి లాగాడు. రబ్బరు రింగులే మారిస్తే సరిపోతుందేమో అని నేను ఆశపడ్డాను. పాత కోర్ రెండు ముక్కులూ మూసి, బకెట్ నీళ్లలో ముంచి సైకిల్ పంపుతో మెల్లగా గాలి పెడితే పైపు మొదట్లోనే కాదు, రేకుల మధ్యలో ఇంకో రెండు చోట్ల సన్న బుడగల దారం లేచింది. ఇక మార్చక తప్పలేదు. బయటికి తీసి తలకిందులు చేసి ఊపితే ఎర్రటి బురద గుప్పెడు పడింది, నేను పోసిన బోరు నీళ్లు గుర్తొచ్చి బాధేసింది.

కోర్, రెండు పైపులు, కొత్త రేడియేటర్ మూత, కూలెంట్, మజూరీ అన్నీ కలిపి 6,200. కార్పెట్ స్పాంజి తీసి ఎండబెట్టాను, అమ్ములు అమ్మ గారూ, మీరు చెప్పకపోతే అది అలాగే వదిలేసేవాణ్ని.

షెడ్డు_రాజన్న (వరంగల్) | జులై 22, ఉదయం 8:10

మంచి మనిషి దొరికాడు, ఆ షెడ్డు వదలకు.

గాలి సరిగా తీశారా? ముందు చక్రాలు ఎత్తు మీదుండేలా బండి ఆపి, చల్లగా ఉన్నప్పుడే మూత తీసి నింపి, హీటర్ నాబ్ ఫుల్ వేడి మీద పెట్టి ఇంజిన్ ఆడించాలి. రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా, బుడగలు ఆగేదాకా ఓపికగా పోస్తుండాలి. గాలి తీసే స్క్రూ ఉన్న బండికి అదే వాడాలి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూడాలి, కొంచెం దిగుతది, అది మామూలే.

ఇంకొక్కటి చేయి, కొత్త కోర్ పాడుకాకుండా. కూలెంట్‌లో కరెంటు పారితే అది కోర్‌ను తినేస్తది. మల్టీమీటర్ నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కు పెట్టి, ఎర్ర వైరు కొస లోహానికి తగలకుండా కూలెంట్‌లో ముంచు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే. 0.1 వోల్టు దగ్గరుంటే నిశ్చింత. 0.3 దాటితే కూలెంట్ పాడైందో, ఇంజిన్ ఎర్త్ వైరు తుప్పు పట్టిందో చూసుకోవాలి. లైట్లు, బ్లోయర్ వేయగానే అంకె పెరిగితే అది ఎర్తే. కొత్త కోర్ ఏడాదికే పోయిందని తిట్టుకునేవాళ్లలో ఇది చూసుకున్నవాళ్లను నేను చూడలేదు.

మూసీ_ఒడ్డు (హైదరాబాద్) | జులై 23, రాత్రి 9:00

చూశాను రాజన్నా, 0.08 వచ్చింది. లైట్లు వేసినా అంతే. గాలి మొదటి రోజు సరిగా పోలేదు, మర్నాడు గుడగుడ వినిపించింది. మా అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద ముందు వైపు పైకి పెట్టి మళ్లీ చేశాను, ఇంకో పావు లీటరు తాగింది, తర్వాత చప్పుడు లేదు.

వోల్టు_బండి (బెంగళూరు) | జులై 24, ఉదయం 10:20

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, మా ఎలక్ట్రిక్ కారుకి ఇంజినే లేదు, ఈ గొడవ మాకు ఉండదా?

చలిదేశం (మిన్నియాపోలిస్) | జులై 24, రాత్రి 7:55

ఇంజిన్ వేడి లేదు కాబట్టి బ్యాటరీ కరెంటుతోనే వేడి పుట్టించాలి. కొన్నింటిలో గాలిని నేరుగా వేడిచేసే కరెంటు హీటర్ ఉంటుంది, కొన్నింటిలో హీట్ పంప్, అంటే ఏసీని ఉల్టా తిప్పినట్టు బయటి వేడిని లోపలికి లాగేది. ఇంకొన్నింటిలో కరెంటుతో కూలెంట్‌ను వేడిచేసి అదే మాదిరి హీటర్ కోర్‌లో తిప్పుతారు, కాబట్టి మీ మాన్యువల్ చూసుకోండి. ఇక్కడ చలికాలంలో హీటర్ వేస్తే రేంజ్ గట్టిగా పడిపోతుంది, సీటు హీటర్ వేసుకుంటే కొంత ఆదా. హై వోల్టేజ్ లైను కాబట్టి సొంతంగా మాత్రం విప్పొద్దు.

పాడేరు_ఘాట్ (అల్లూరి జిల్లా) | జులై 24, రాత్రి 10:10

మూసీ అన్నా, ఇక నుంచి నెలకోసారి బండి వేడెక్కాక నాబ్ ఎర్ర వైపు తిప్పి అయిదు నిమిషాలు ఉంచండి, ఎండాకాలమైనా సరే, అద్దాలు దించుకుని. తలుపు, వాల్వు కదులుతుంటాయి, వాసన వస్తే అప్పుడే తెలుస్తుంది. నేను ప్రతి అమావాస్యకి బండి కడిగి కొబ్బరికాయ కొట్టేటప్పుడే ఇది కూడా చేస్తాను, అలా గుర్తుంటుంది.

అమ్ములు_అమ్మ (హైదరాబాద్) | జులై 25, ఉదయం 7:00

మూసీ గారూ, తీసిన పాత కూలెంట్ ఏం చేశారు? షెడ్డు పక్క మోరీలో పోసి ఉంటే వీధి కుక్కలు తాగుతాయి.

మూసీ_ఒడ్డు (హైదరాబాద్) | జులై 25, ఉదయం 7:35

లేదండీ, పోయనివ్వలేదు. అయిదు లీటర్ల నూనె డబ్బాలో పట్టి, బిరడా బిగించి, మీద విషం అని మార్కర్‌తో రాసి పెట్టాను. పాత ఇంజిన్ ఆయిల్ తీసుకెళ్లే అతను నెలకోసారి ఆ షెడ్డుకు వస్తాడట, కూలెంట్ ఆయిల్‌లో కలపకుండా విడిగా ఇస్తే తీసుకుంటానన్నాడు. అప్పటిదాకా మా మేడ మీద గదిలో తాళం వేసి ఉంది.